అమెరికా గిటారు పుట్టిల్లు

చీరాల స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి "గిటార్ల మహిమ దగ్గరికి" అంటే చాలు, పేరాలలో నేతవాళ్ళ వీధి చివర ఒక రేకుల షెడ్డు ముందు దింపుతారు. ఆ షెడ్డు ఒకప్పుడు మహిమ వాళ్ళ నాన్న నతానియేలుది. ఆయన వడ్రంగి. ఊళ్ళో గుంట మగ్గాలకు చట్రాలు, పోగును అటూ ఇటూ నడిపే నాడెలు చేసేవాడు. పవర్‌లూమ్‌లు వచ్చాక ఆ పని పలచబడింది. ఇప్పుడు అదే బల్ల మీద అదే బాడిసె పక్కన కూతురు ఎలక్ట్రిక్ గిటార్లు విప్పుతుంది.

మహిమకి చెక్క గురించి మొదటి పాఠం పదో తరగతిలో వచ్చింది. చర్చి క్వయర్‌కి ఎవరో మద్రాసు నుంచి ఒక ఎలక్ట్రిక్ గిటారు తెచ్చారు. ఎర్రగా మెరిసిపోతూ ఉండేది కానీ తీగలు నొక్కితే వేళ్ళు కోసుకుపోయేవి. పిల్లలందరూ వదిలేస్తే మహిమ దాన్ని ఇంటికి తెచ్చి నాన్న చేతికిచ్చింది. ఆయనకి పాటల సంగతి తెలియదు. ఒక కన్ను మూసి, నెక్ వెంబడి తుపాకీ గురి చూసినట్టు చూశాడు. నెక్ అంటే వేళ్ళు నొక్కే ఆ పొడుగాటి కర్ర.

"పచ్చి చెక్కతో చేశారమ్మా. ఆరకముందే రంగేశారు. ఎండకి విల్లులా వంగింది," అన్నాడు.

ఆ రోజు నుంచి ఏ గిటారు కనపడినా ముందు రంగు చూడకుండా చెక్క చూడటం మహిమకి అలవాటైంది.

బీకాం అయ్యాక గుంటూరులో ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో చేరింది. ఐదేళ్ళు చేసింది. ప్రపంచంలో పేరుపడ్డ ఎలక్ట్రిక్ గిటార్లు నాలుగైదు రకాలే ఉన్నాయి. మిగతా వాటిలో చాలావరకు వాటి ఆకారాలకు కాపీలే. చైనావి, ఇండోనేషియావి, కొరియావి, మన దేశానివి అన్నీ ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి. పెట్టె మీద ఏం రాసి ఉన్నా, లోపలి స్క్రూలు ఎక్కడివో, నెక్ మీది లోహపు కమ్మీలు, అంటే ఫ్రెట్ల అంచులు ఎంత నునుపుగా అరగదీశారో, నాబ్ కింద వైర్లు ఎలా టంకం పెట్టారో చూసి అది ఏ ప్రాంతపు చేతిపనో చెప్పడం నేర్చుకుంది. చెప్పలేనప్పుడు తెలియదని కూడా చెప్పేది.

ఆ దుకాణం వదిలిన రోజు సంగతి ఆమె దాచుకోదు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే వీరాంజనేయులు గారు తన కూతురికి గిటారు కొనడానికి వచ్చారు. ఓనరు లోపల్నించి ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. తీగలు బిగించే తల భాగం మీద పెద్ద అమెరికా కంపెనీ పేరు బంగారు అక్షరాల్లో ఉంది.

"ఒరిజినలేనా?" అని వీరాంజనేయులు గారు మహిమనే అడిగారు.

మహిమ గిటారు తిరగేసింది. "కాదండి. ఈ మోడల్ అసలుదాంట్లో నెక్‌ని బాడీకి జిగురుతో అతికిస్తారు. ఇక్కడ చూడండి, నాలుగు స్క్రూలతో బిగించారు. పేరు తర్వాత అంటించారు. గిటారుగా చెడ్డది కాదు, అమ్మాయి నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది. కాపీగా తీసుకోండి, కాపీ ధరకి."

వీరాంజనేయులు గారు అలాగే తీసుకున్నారు, సంతోషంగానే వెళ్ళారు. ఆయన మెట్లు దిగాక ఓనరు, "రేపట్నుంచి నువ్వు కౌంటరు దగ్గరికి రావద్దు. వెనక గదిలో తీగలు మార్చుకో," అన్నాడు.

"కాపీ అమ్మటం తప్పు కాదండి. తన పేరుతో తాను నిలబడితే అది కాపీ. పక్కవాడి పేరు తగిలించుకుంటే నకిలీ. నేను కాపీలు ఎన్నయినా అమ్మి పెడతాను, నకిలీ మాత్రం అమ్మలేను," అంది మహిమ. సాయంత్రానికి తన స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని రైలెక్కింది.

షెడ్డు తెరిచిన కొత్తలో, ఆడమనిషి కరెంటు గిటారు బాగుచేయడమేంటని ముఖం మీదే అన్నవాళ్ళు ఉన్నారు. ఆమె వాదించేది కాదు. "ఇచ్చి వెళ్ళండి, ఆదివారం ఆరాధనకి వాయించి చూడండి," అనేది. పొన్నూరు, బాపట్ల, ఒంగోలు వైపు చర్చిల్లో ఇప్పుడు బ్యాండు లేనిది తక్కువ. ఒక చర్చిలో గిటారు చక్కగా పలికితే పక్క చర్చి వాళ్ళు ఊరుకోరు కదా. అలా పని పెరిగింది.

ఆ పని అలా సాగుతుండగానే కిందటేడు మాఘమాసపు ఎండలో వినుకొండ నుంచి ఎలీషా మాస్టారు వచ్చారు.

ఆయన మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. డెబ్భై దాటాయి. వెంట కూతురు ఫెబా ఉంది. నరసరావుపేటలో నర్సుగా చేస్తోంది. ఆటో దిగేటప్పుడు ఆమె తండ్రిని కుడిపక్క నుంచి పట్టుకుంది, ఆయన ఎడమ చెయ్యి పక్షవాతంతో చచ్చుబడి ఉంది. డ్రైవరు నల్ల రెక్సిన్ పెట్టె ఒకటి దింపి లోపల పెట్టాడు.

"వందనాలమ్మా," అన్నారు మాస్టారు. కూర్చున్నాక పెట్టె వైపు చూడలేదు.

సంగతి ఫెబానే చెప్పింది. తొంభైల మొదట్లో వినుకొండలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. దానికి అమెరికా నుంచి ఒక డాక్టరు వచ్చాడు. మాస్టారు ఆయన పక్కనే నిలబడి, రోగులు చెప్పింది ఇంగ్లీషులోకి, ఆయన చెప్పింది తెలుగులోకి మార్చేవారు. సాయంత్రాలు ఇద్దరూ కలిసి పాటలు పాడుకునేవారు. వెళ్ళిపోతూ డాక్టరు తన ఎలక్ట్రిక్ గిటారు మాస్టారి చేతిలో పెట్టాడు. అప్పట్నించి పల్నాడులో ఏ ఊళ్ళో కన్వెన్షన్, అంటే క్రైస్తవ సభలు, జరిగినా పందిట్లో అది మోగాల్సిందే. జనం దాన్ని అమెరికా గిటారు అనేవారు.

"మొన్న చర్చి యువకులు దాని ఫొటో ఫోన్లో పెట్టారక్కా," అంది ఫెబా. "హైదరాబాద్‌లో గిటార్లు సేకరించే ఆయనెవరో చూసి, ఆ పేరు నకిలీ, ఇది డూప్లికేటు అని రాశాడు. దాని కింద ఇంకా ఎంతోమంది నవ్వుతూ రాశారు. నాన్న ఆ రోజు నుంచి దీన్ని మంచం కిందికి తోసేశారు."

మాస్టారు అప్పుడు నోరు తెరిచారు. "గిటారు ఏదైనా నాకు బాధ లేదమ్మా. ఆ డాక్టరు ఇప్పుడు లేడు, పోయాడు. నేను ఆయన్ని స్నేహితుడు అనుకున్నాను. పల్లెటూరి వాడికి ఏం తెలుస్తుందిలే అని దొంగ సరుకు చేతిలో పెట్టి పోయాడా? అది తెలుసుకోవాలని వచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పు."

"ఉన్నదే చెబుతాను మాస్టారూ. నాకెంత తెలిస్తే అంత," అంది మహిమ.

పెట్టె తెరిచింది. తెల్లగా ఉండాల్సిన రంగు నిలవున్న వెన్నలా పసుపు పచ్చగా మారింది. ముందుగా తల మీద పేరు చూసింది. గిటారుని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంది. ఒక్క నిమిషం చూసి ఫెబాని పిలిచింది.

"ఫెబా, ఇక్కడ చూడు. అక్షరాల అంచు దగ్గర కుంచె వెంట్రుక ఒకటి రంగులో ఇరుక్కుని ఉంది. ఇది ఏ ఫ్యాక్టరీలోనూ వేసింది కాదు. చేత్తో రాసిన పేరు. దీని కింద ఇంకేదో చిన్న పేరు అరిగిపోయిన గీతలు కనిపిస్తున్నాయి." తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారూ, ఈ పేరు ఇక్కడే ఎవరైనా రాశారా?"

మాస్టారు చాలాసేపు ఆలోచించారు. తర్వాత ముఖం మారింది. "ఆదాం," అన్నారు. "బోర్డులు రాసే ఆదాం. ఒకసారి ఒంగోలు కన్వెన్షన్‌కి పోయే ముందు, తల మీద పేరు చెరిగిపోయి బోసిగా ఉందని మా జట్టు కుర్రాళ్ళు వాడి చేత రాయించారు. అమెరికా గిటారు కదా, అమెరికా కంపెనీ పేరే ఉండాలన్నారు. నేనే మర్చిపోయాను."

"అయితే ఆ డాక్టరు గారు మీకు నకిలీ ఇవ్వలేదు. ఆయన ఇచ్చినప్పుడు దీని మీద దాని సొంత పేరే ఉంది. హైదరాబాద్ ఆయన కూడా అబద్ధం చెప్పలేదు. ఫొటోలో కనబడిన పేరు దొంగదే మరి, అది మనవాళ్ళు ముచ్చటపడి రాయించింది."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. ఫెబా తండ్రి భుజం మీద చెయ్యేసి అలాగే ఉంచింది.

"మరి ఇదెక్కడిది?" అని ఆమె అడిగింది.

మహిమ తీగలు వదులు చేసి, ముందున్న ప్లాస్టిక్ పలక తీసింది. లోపలి స్క్రూలు మన మిల్లీమీటరు కొలతలవి, అమెరికా అంగుళాలవి కావు. అమెరికా ఫ్యాక్టరీల్లో నాబ్‌ల అడుగున అచ్చువేసే నంబర్లు ఇక్కడ లేవు. బాడీ ఒకే దిమ్మ కాదు, కొన్ని ముక్కలు కలిపి అతికించింది, అయితే అతుకులు గట్టిగా ఉన్నాయి. వెనక నాలుగు స్క్రూలు తీసి నెక్‌ని మెల్లగా బయటికి లాగింది. నెక్ కూర్చునే గాడిలో సన్నని వార్నిష్ పొర కింద పెన్సిల్‌తో ఏవో అక్షరాలు కనిపించాయి.

"అరవం," అంది మహిమ. "నాకు చదవడం రాదు."

ఫెబా వంగి చూసింది. ఆమె నర్సింగ్ చదివింది వెల్లూరులో, అరవం అక్కడే నేర్చుకుంది. "సరి," అని చదివింది. "సరి అని రాశారు నాన్నా. సరిచూశాం అన్నట్టు."

"తర్వాత ఎవరో రాసి ఉండొచ్చు కదా?" అన్నారు మాస్టారు. లెక్కల మాస్టారు మరి, అంత తేలిగ్గా ఒప్పుకోరు.

"రాస్తే వార్నిష్ పైన ఉండాలి. ఇది వార్నిష్ కింద ఉంది. అంటే రంగు వెయ్యకముందే, తయారుచేసిన చోటే రాశారు. అప్పట్లో మన దేశంలో కొన్ని గిటార్లు చేసి పై దేశాలకు పంపేవారు, తక్కువ ధరలో అమ్మడానికి. ఇలాంటిది ఒకటి నా బల్ల మీదికి ఇంతకుముందు వచ్చింది, లోపలి పనితనం ఇదే. మద్రాసు వైపు చేసిందని నా నమ్మకం. ఊరి పేరు రాసి లేదు కాబట్టి అంతకుమించి ఒట్టేసి చెప్పను. అమెరికాలో మాత్రం చెయ్యలేదు, చైనాదీ కాదు."

మాస్టారు మెల్లగా నవ్వారు. "అంటే ఇది మనవైపు పుట్టి ఓడెక్కి పోయిందన్న మాట. ఆయన అక్కడ కొనుక్కుని, మళ్ళీ మన దగ్గరికే తెచ్చాడు."

"అంతే అయ్యుంటుంది."

"మంచిదేనా?"

మహిమ నెక్‌ని కంటి దగ్గర పెట్టి చివరిదాకా చూసింది. "ముప్ఫై ఏళ్ళు పల్నాడు ఎండలో తిరిగినా గీత గీసినట్టు ఉంది మాస్టారూ. ఇది బాగా ఆరిన చెక్క. ఫ్రెట్లు అరిగాయి, స్విచ్చి చెడింది, ఒక వైరు తెగింది. తీగల ధ్వనిని పట్టే పికప్‌లు గొప్పవి కావు, మామూలువి. కానీ మీ చెవికి ముప్ఫై ఏళ్ళు పట్టిన ధ్వని అదే కదా, వాటిని మార్చొద్దు. మిగతావి నేను చూసుకుంటాను. సాయంత్రం దాకా ఉంటారా?"

ఉంటామన్నారు. మహిమ నాన్న నతానియేలు ఇంట్లోంచి వచ్చి టీ తెప్పించాడు. ఇద్దరు ముసలాళ్ళూ పాత కన్వెన్షన్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటే, మహిమ ఫ్రెట్లు ఆకురాయితో సరిచేసి, వైరు అతికించి, కొత్త స్విచ్చి బిగించింది. తల దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"ఈ పేరు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"ఆదాం ప్రేమగా రాశాడు," అన్నారు మాస్టారు. "అయినా తీసెయ్యమ్మా. దానికి ఇంకొకరి పేరెందుకు."

ఒక గుడ్డ ముక్క టర్పెంటైన్‌లో తడిపి, కింది చెక్కకి దెబ్బ తగలకుండా కొంచెం కొంచెంగా ఆ రంగు తీసింది. కింద ఉన్న పాత పేరు చదవడానికి వీల్లేనంతగా అరిగిపోయింది. తర్వాత కొత్త తీగలు కట్టి, చిన్న స్పీకరుకి తగిలించి, గిటారుని మాస్టారి ఒళ్ళో పెట్టింది. ఆయన ఎడమ చెయ్యి పక్కనే వేలాడుతూ ఉంది. కుడిచేత్తో తీగలు ఒకసారి మీటి ఆపేశారు.

మహిమ స్టూలు లాక్కుని ఆయన ఎడమ పక్కన కూర్చుంది. తన ఎడమ చెయ్యి చాపి నెక్ పట్టుకుంది. "మీరు మీటండి మాస్టారూ. వేళ్ళు నేను వేస్తాను. శ్రుతి చెప్పండి."

"డి," అన్నారాయన.

మొదటి వరుస తడబడింది. రెండో వరుసకి ఆయన మీటే పద్ధతి ఆమెకి పట్టుబడింది. మూడో వరుసకి మాస్టారు కళ్ళు మూసుకుని పాడటం మొదలుపెట్టారు. గొంతు వణికింది కానీ తాళం తప్పలేదు. ఎదురు మగ్గాల వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఫెబా కళ్ళు తుడుచుకుంటూ ఫోన్లో రికార్డు చేసింది.

ఆ రికార్డునే మహిమ హైదరాబాద్ ఆయనకి పంపింది, గాడిలోని అక్షరాల ఫొటోతో సహా, తాను ఎలా తేల్చిందో వివరంగా చెబుతూ. ఆయన మర్నాడే ఫోన్ చేశాడు. ఫొటో చూసి తొందరపడ్డాననీ, మాస్టారికి స్వయంగా చెబుతాననీ అన్నాడు, చెప్పాడు కూడా. తను రాసిన మాట కింద సవరణ పెట్టాడు. అప్పట్నుంచి తాను కొనబోయే పాత గిటార్లు ముందు చీరాల పంపిస్తున్నాడు.

వేసవి కన్వెన్షన్‌లో ఎలీషా మాస్టారు మైకు దగ్గరికి వచ్చి, ఇది అమెరికా గిటారు కాదనీ, మద్రాసు వైపు పుట్టిందనీ, దాన్ని తనకిచ్చిన మనిషి మాత్రం నిజమైన స్నేహితుడనీ చెప్పారు. తర్వాత ఫెబా దాన్ని మెడలో వేసుకుని రెండు పాటలు వాయించింది. నైట్ డ్యూటీ లేని ఆదివారాల్లో ఆమె చీరాల వచ్చి మహిమ దగ్గర నేర్చుకుంటోంది. ఇంకా కొన్ని తీగలు ఒకేసారి నొక్కే ఎఫ్ కార్డు దగ్గర వేలు జారుతోంది, మహిమ వదలకుండా మళ్ళీ మళ్ళీ వేయిస్తోంది.