కృష్ణయ్యకు నచ్చని పొయ్యి

కృష్ణయ్యకు ఏదీ ఒక పట్టాన నచ్చదు. పెళ్లిచూపుల్లో అంకమ్మను చూసి కూడా "ఆలోచించి చెప్తా" అన్నాడట. పిల్లలు పెళ్లీడుకొచ్చారు, ఇంకా చెప్పలేదు. ప్రొద్దుటూరులో చెప్పుల అంగడివాళ్లు ఆయన్ను దూరం నుంచి చూసి షట్టరు దించుతారు.

ఆ ముసురు రోజు మాత్రం అంకమ్మకు నవ్వు రాలేదు. పెద్దముడియం పక్క బీడు నేలలో, తమ గొర్రెల మంద దగ్గర వేసుకున్న పూరి గుడిసెలో ఈనిన గొర్రె ఒకటి, చలికి బిగుసుకుపోతున్న దాని పిల్ల ఒకటి. గుడిసె వెచ్చబడకపోతే పిల్ల దక్కదు.

కృష్ణయ్య పొద్దున కుంపటి తెచ్చాడు. "పొగ యాడికి పోతాది? నచ్చలే" అని వాపసు ఇచ్చొచ్చాడు. సాయంత్రం వెల్డర్ అస్లాం చేసిన డ్రమ్ము పొయ్యి తెచ్చాడు. కప్పు దాటేంత పొగగొట్టం, నిప్పురవ్వ పూరి మీద పడకుండా దానికో టోపీ. అంకమ్మ కంపకట్టెలు అందుకుంది.

"ఆగు. దీని తలుపు ఎడమపక్కకు తెరుచుకుంటాది."

"అయితే ఏంది?"

"నాకు నచ్చలే."

"పిల్ల చస్తాంది. నచ్చకుంటే కండ్లు మూసుకో."

అప్పటికే పొయ్యి మళ్లీ మోపెడ్ ఎక్కింది. అంకమ్మ ఒళ్లు మండి, పిల్లను కొంగులో చుట్టుకుని బురదలో వెంటపడింది.

మోపెడ్ పక్క గుడిసె దగ్గర ఆగింది. అక్కడ శివమ్మ ఒంటరిగా మేకలు కాసుకుంటుంది. ఎవరేమిచ్చినా ముట్టని మొండి ముసలిది.

"శివమ్మవ్వా, ఇది శుద్ధ దండగ పొయ్యి. వంకలో పారేసేకి పోతాండా."

శివమ్మ పొయ్యిని తట్టి చూసింది. "ఇంత మంచి సామాను పారేస్తావా? బుద్ధుండాదా నీకు? ఈడ దించు."

"నీ ఇష్టం. నేనైతే వద్దనే చెప్తాండా." సణుగుతూనే గొట్టాన్ని కప్పులోంచి పైకి బిగించాడు.

అంకమ్మ లోపలికి తొంగిచూసింది. ఇన్నాళ్లూ మొగుడికి నచ్చని సరుకంతా అక్కడే ఉంది. జమ్మలమడుగు కంబళి, టార్చిలైటు, మూడు జతల చెప్పులు.

పొయ్యి రాజుకుంది. "రా అంకమ్మా, పిల్లను ఈడ పండబెట్టు. మీ ఆయప్పకు పొయ్యి ఎంచేది తెలీదు," అంది శివమ్మ.

కాసేపటికి పిల్ల కాళ్లు జాడించి, పాలకోసం అరిచింది. అంకమ్మకు ప్రాణం లేచొచ్చింది. గుమ్మంలో కృష్ణయ్య ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె నోట ఒక్క మాట జారితే చాలు, ముసలామె పొయ్యిని బయటపెట్టేస్తుంది.

"ఔనవ్వా, వట్టి తెలివిలేనోడు," అంది అంకమ్మ. మొగుణ్ణి ఆమె అంత ముద్దుగా ఎన్నడూ తిట్టలేదు.