విలన్‌కి భయమెందుకు?

కార్టూన్ సీరియల్లో విలన్‌కు గొంతిచ్చే తాతయ్యకు లోకంలో ఎవరి నటనా ఆనదు. మఫ్లర్ బిగించి, ఇంట్లోవాళ్లను తిట్టినట్టే హీరోనూ తిడతాడు. చివరి పోరాటం మాత్రం ఎంత అరిచినా తేలిపోతోంది.

"మీ విలన్‌కి ఓడిపోతానన్న దిగులే లేదు బాబాయ్. ఇక చూసేవాళ్లకేం ఉంటుంది? ఈసారీ కుదరకపోతే వేరే గొంతు పెడతాం" అన్నాడు దర్శకుడు.

"దిగులా, నాకా? ముందు నీ మూతి కడుక్కో" అన్నాడు తాతయ్య.

రికార్డింగ్ గది అద్దం అవతల, కోతి పాత్రకు గొంతిచ్చే ఆయన లేచి విలన్ డైలాగులు గొణుక్కోవడం మొదలెట్టాడు. తాతయ్య అది చూసి మైకు స్టాండును గట్టిగా పట్టుకున్నాడు.

"నన్నెవడ్రా ఓడించేది" అన్న మాట ఈసారి సన్నగా, వణుకుతూ వచ్చింది.

"ఇదే కావాలి బాబాయ్" అన్నాడు దర్శకుడు.

"దీన్నంటారు నటన. చూసి నేర్చుకో కోతీ" అన్నాడు తాతయ్య. మైకు స్టాండును మాత్రం ఇంకా వదల్లేదు.