డీకన్ రెండు వేళ్లు

కోడుమూరు బాప్టిస్టు చర్చిలో ఆరాధన ముగియగానే, సంఘం పనులు చూసే డీకన్ ఆశీర్వాదం గుమ్మం దగ్గర నిలబడతాడు. వందనాలు చెప్పి చెయ్యి కలుపుతాడు. వెంటనే అతని రెండు వేళ్లు ఎదుటివాళ్ల మణికట్టు మీదికి జారి నాడిని వెతుకుతాయి, కళ్లు గోడ గడియారం మీద ఉంటాయి. బాగుండానని ఎవరన్నా అతనికి అనుమానమే. కార్గిల్ యుద్ధంలో మిలిటరీ నర్సింగ్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు గాయపడిన ఒక జవాను నవ్వుతూ అదే మాట చెప్పాడు. సరేనని పక్కవాడికి కట్టు కట్టి ఇటు తిరిగేసరికి ఆ జవాను ప్రాణం పోయింది.

పోయిన ఆదివారం ఆశీర్వాదం, ఇళ్లు కట్టే బేల్దారి మేస్త్రి దానియేలు చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"ఏమప్పా, ఆయాసం వస్తాందా?"

"లేదన్నా, బాగుండా."

"నీ నాడి ఆ మాట చెప్పడంల్యా. నడువు, కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం."

ఆ సాయంత్రమే దానియేలు గుండెకు స్టెంటు వేశారు.

ఈ ఆదివారం దానియేలు భార్య వచ్చి, కళ్లు తుడుచుకుంటూ, "నువ్వెట్లుండావన్నా?" అని అడిగింది.

"నాకేమమ్మా, శానా బాగుండా."

ఈమధ్య ఆశీర్వాదం చర్చి మెట్లు ఆగి ఆగి ఎక్కడం చూస్తున్న అతని భార్య సువార్తమ్మ, అతని మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టింది. ఆశీర్వాదం గబుక్కున చెయ్యి లాక్కుని బైబిలు కింద దాచుకున్నాడు.