హజ్ కాగితాల కోసం నా అసలు వయసు వెతుక్కున్న రోజు

మా బిడ్డ జుబేదా పేరు, నా పేరు ఈ ఏడాది హజ్ యాత్రికుల జాబితాలో వచ్చాయి. నిన్న సాయంత్రం హజ్ ఆఫీసు గోడకు అంటించిన కాగితంలో నా కళ్లతో చూసుకున్నాను. నమ్మకం చాలక పక్కనున్న మనిషితో చదివించుకున్నాను, ఆయన చదివాక మళ్లీ నేను చదువుకున్నాను. అల్లాకు వేల వేల షుక్రియాలు. డెబ్బై ఏళ్ల వాణ్ణి, ఇంత సంతోషం ఒక్కణ్ణే మోయలేక ఇది రాస్తున్నాను. వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టుకోవాలనుకునే వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం కూడా రాస్తున్నాను. మక్కాకు విమానం ఎక్కక ముందు మేము ఉప్పల్‌లో, నాచారంలో ఒక రోజంతా తిరగాల్సి వచ్చింది. ఆ తిరుగుడు ఎందుకు వచ్చిందో తెలిస్తే మీకు ఆ తిప్పలు తప్పుతాయి.

మేము దూదేకుల వాళ్లం, చిల్కానగర్‌లో ఉంటాం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను చిన్నప్పుడు ఉర్దూలో నాలుగో తరగతి దాకా చదివాను. తెలుగు అక్షరాలు మిల్లు క్యాంటీన్‌లో పేపరు చూసి నేర్చుకున్నవి, తప్పులుంటే మన్నించండి. జుబేదా నా ఒక్కగానొక్క బిడ్డ, సర్కారు దవాఖానాలో నర్సు. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త జబ్బు చేసి పోయాడు, పిల్లలు లేరు. హజ్‌కు పోవాలని పద్నాలుగేళ్లుగా జీతంలో కొంత పక్కన పెడుతూ వచ్చింది. ఆడమనిషిని ఒంటరిగా పంపరు. భర్తో, తండ్రో, కొడుకో, అన్నదమ్ముడో వెంట ఉండాలి. జుబేదాకు ఉన్నది నేనొక్కణ్ణే. అంటే నా కాగితం చెల్లకపోతే తన కాగితమూ చెల్లదు.

మూడు వారాల కిందట, మంగళవారం మధ్యాహ్నం, హజ్ ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే గుమాస్తా మా రేషన్ కార్డు చూసి ఆగిపోయాడు. నలభై ఏళ్లుంటాయేమో, మర్యాదస్తుడే.

“చాచా, ఈమె మీకేమైతది?” అన్నాడు.

“నా బిడ్డ.”

“కార్డుల మీకు అరవై ఉంది, ఈమెకు నలభై ఎనిమిది. పన్నెండేండ్లకే తండ్రివైనవా?”

వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. జుబేదా కొంగు సరిచేసుకుంటూ తల దించుకుంది. గుమాస్తా మాత్రం నవ్వలేదు. “పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలె చాచా? మీ స్కూల్ కాగితం తెండి. కార్డుల వయసు ఎందుకు తప్పు పడ్డదో మిల్లోళ్లతోని రాయించుకొని తెండి. రేపు నాలుగింటికి ఆఖరు. దాటితే ఇద్దరి దరఖాస్తులు వాపస్” అన్నాడు.

తప్పు ఎలా పడిందో నాకు బాగా తెలుసు. నాచారంలో నూలు మిల్లు పెట్టిన కొత్తలో ముప్పై దాటిన వాళ్లను తీసుకోబోమని చెప్పారు. నాకు అప్పటికే నలభై. ఇల్లిల్లూ తిరిగి పరుపుల దూది ఏకే పనికి గిరాకీ పోయింది, ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది. నెరిసిన మీసం నున్నగా గీయించుకుని, వీపు నిటారుగా పెట్టి లైన్లో నిలబడి ముప్పై అన్నాను. నాతో నిలబడ్డ వాళ్లలో చాలామంది ఇలాగే తగ్గించుకున్నారు, ఒకరి వయసు విని ఇంకొకరం నేల చూపులు చూశాం. తర్వాత రేషన్ కార్డుకు మిల్లు కాగితమే పెట్టాను, అందులోనూ అదే వయసు ఎక్కింది. ఇరవై ఎనిమిదేళ్లు పని చేసి, కాగితంలో యాభై ఎనిమిది నిండిన రోజు దండ వేయించుకుని బయటికి వచ్చాను. ఆ రోజు నాకు నిజానికి అరవై ఎనిమిది.

ఇంటికి వచ్చే బస్సులో, తార్నాక దాటాక, నా భయం బయటపెట్టాను. “మిల్లోళ్లు ఇచ్చిన పైసలన్నీ వాపస్ అడుగుతరేమో బిడ్డా.”

“ఎందుకడుగుతరు? పని చేసినవ్ గద నాయినా, దొంగతనం జెయ్యలే.”

“అబద్ధం చెప్పిన గద.”

“అయితే రేపు పోయి నిజం చెప్పు. ఆ అబద్ధం మోసుకొని కాబాకు పోతవా?” అంది.

బుధవారం తను డ్యూటీ మార్చుకుంది. ఎనిమిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరి, ఇరవై నిమిషాలు నడిచి ఉప్పల్ పాత ఊళ్లో నేను చదివిన బడికి పోయాం. హెడ్మాస్టరమ్మ తొమ్మిదిన్నరకు వచ్చారు. అంతా విని విసుక్కోకుండా అటెండరుతో పాత బీరువా తీయించారు. చెదలు తిన్న అట్టల మధ్య నా తరగతి రిజిస్టరు దొరికేసరికి పదిన్నర అయింది. పేజీ తిప్పి చూసి ఆమె నీరసపడిపోయారు. నిజాం కాలంనాటి రిజిస్టరు, మొత్తం ఉర్దూ. సంవత్సరాలు కూడా అప్పటి ఫసలీ లెక్కలో ఉన్నాయి.

“నేను చదువుతానమ్మా” అన్నాను.

“మీ వయసు మీరే చదివి చెప్తే నేను సంతకం పెట్టాల్నా పెద్దాయనా? మిల్లుల గూడ గట్లనే చెప్పిన్రట గద” అన్నారు. మంగళవారం నుంచి నవ్వని జుబేదా అప్పుడు నవ్వింది. బయటి మనిషి ఎవరైనా ఉర్దూ చదివి సంతకం చేస్తే సర్టిఫికెట్ ఇస్తానన్నారు.

బడికి రెండు సందుల అవతల, ఈ ఊళ్లో పట్వారీగా చేసి ఇంటి దగ్గరే ఉంటున్న నరసింహారావు పంతులు గారు ఉన్నారు. ఆ కాలంలో సర్కారు లెక్కలన్నీ ఉర్దూలోనే రాసినవారు. కబురు పంపితే, పూజ ముగించుకుని బొట్టు ఆరకముందే చేతికర్రతో వచ్చారు. రిజిస్టరు ముక్కు దాకా ఎత్తి పట్టుకుని, వేలు పెట్టి చదివారు. నా పేరు, మా నాయన పేరు, బడిలో చేరిన రోజు, అప్పటి నా వయసు.

“ఫసలీకి ఐదు వందల తొంభై కలుపుండ్రి అమ్మా, ఇంగ్లీషు సంవత్సరం వస్తది” అని హెడ్మాస్టరమ్మకు చెప్పి, కాగితం మీద కూడి చూపించారు. తర్వాత నా వైపు తిరిగారు. “డెబ్బై నిండినయ్ నీకు. పొద్దుగాల అరవై, పగటీలికి డెబ్బై. ఒక్క పూటల ఇంత ముసలోడైనోణ్ణి నేనెన్నడు సూడలె.”

“నీకంటె చిన్నోణ్ణే గద పంతులూ” అన్నాను.

“నేను రెండు క్లాసులు పైన. మౌల్వీ సాబు నిన్ను కొట్టిన దెబ్బలు గూడ ఇండ్ల రాసి ఉంటే ఇంకా గట్టి సాక్ష్యం ఉండు.”

ఆయన సంతకం, హెడ్మాస్టరమ్మ సంతకం, బడి ముద్ర పడిన సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి పన్నెండు. రూపాయి పెట్టి జిరాక్స్ తీయించి, ఉప్పల్ బస్టాండు దగ్గర ఆటో మాట్లాడాం. నాచారానికి పదిహేను రూపాయలు అడిగి పన్నెండుకు ఒప్పుకున్నాడు. హజ్ పని మీద పోతున్నామని జుబేదా చెబితే, ఆ ఆటో అతను అద్దంలో చూసి “నా కోసం గూడ దువా చెయ్యుండ్రి పెద్దనాయినా, ఈ బండి కిస్తులు తీరాలె” అన్నాడు. తప్పకుండా చేస్తాను. చిల్కానగర్ మీదుగా పోయే ఆ రోడ్డు మొత్తం గుంతలు, కాగితాల సంచి ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మిల్లులో హాజరు రాసే టైమ్ ఆఫీసులో సూర్యనారాయణ గారు ఇప్పటికీ ఉన్నారు. కోస్తా నుంచి కుర్రతనంలో వచ్చి, అప్పుడు మా పేర్లు రిజిస్టరులో ఎక్కించింది ఆయనే. నన్ను చూసి కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదని భయం.

“సార్, నేను చేరేటప్పుడు అబద్ధం చెప్పిన. ముప్పై అన్న గని నాకు అప్పటికే నలభై. ఇప్పుడు హజ్‌కు పోవాలంటె ఆ తప్పు ఎట్ల పడ్డదో మీతోని రాయించుకొని రమ్మన్నరు.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఆ సంగతి నాకు తెలుసండీ సాయిబు గారూ.”

“ఎట్ల తెలుసు సార్?”

“మీరు చేరిన మొదటి వారంలోనే ఈ అమ్మాయి మీకు అన్నం డబ్బా తెచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల గేటు దగ్గర నిలబడి మా నాయినకు ఇవ్వండి అంటుంటే, ముప్పై ఏళ్ల మనిషికి ఇంత కూతురు ఎక్కడిదని ఆ మాత్రం లెక్క వేసుకోలేనా?”

జుబేదా నా వైపు చూసింది. ముప్పై ఏళ్లుగా మోసిన భయం దిగిపోయింది, అప్పుడు కూర్చున్నాను. “మరి ఎవ్వరికి చెప్పలేదేంది సార్?”

“చెబితే మిమ్మల్ని పంపించేసేవారు. దూది పట్టుకుని చూసి ఇది మిషనులో చుట్టుకుంటుంది, ఇది చుట్టుకోదు అని చెప్పగలిగిన వాడు ఆ లైన్లో మీరొక్కరే. అయినా ఆ ముప్పై అంకె వేసింది నా చెయ్యే కదండీ. మక్కా వెళ్లాక మీ తప్పుతో పాటు నాదీ కలిపి చెప్పుకోండి” అన్నారు.

ఉత్తరం ఆయనే స్వయంగా టైపు కొట్టారు. చేరినప్పుడు వయసుకు ఆధారం ఏమీ తీసుకోలేదని, కార్మికుడు నోటితో చెప్పిందే రాసుకున్నామని మొదట రాశారు. కింద ఇంకో ముక్క కలిపారు. ఈ స్త్రీ ఇతని కూతురని, తండ్రికి అన్నం తెస్తుండగా తాను ఏళ్ల తరబడి చూశానని. మేనేజరు గారు భోజనానికి పోయారు. ఆయన సంతకం కోసం గది బయట గోడ గడియారం చూస్తూ నిలబడ్డాం. ఒకటిన్నర, రెండు. జుబేదా తస్బీహ్ పూసలు తిప్పుతూనే ఉంది. రెండుంబావుకు వచ్చి, ఉత్తరం చదివి, ఏమీ అడగకుండా సంతకం చేసి ముద్ర వేయించారు. పరుగులాంటి నడకతో బస్టాపుకు వచ్చాం. తలా మూడు రూపాయల టికెట్టు. హబ్సిగూడ, తార్నాక దాటి పట్నం చేరి, హజ్ ఆఫీసు మెట్లెక్కేసరికి నాలుగుకు ఇంకా పావుగంట ఉంది.

గుమాస్తా రెండు కాగితాలూ నిదానంగా చదివాడు. అన్నం డబ్బా మాట దగ్గర ఒక క్షణం ఆగి జుబేదాను చూశాడు.

“ఈ పదేండ్లు ఇన్నొద్దులు ఏడ దాచినవ్ చాచా?”

“మిల్లుల” అన్నాను.

ముద్ర వేసి రసీదు చించి ఇచ్చాడు. “అమ్మా, మీ నాయినను మెట్ల మీద జర మెల్లగ దింపుండ్రి. డెబ్బై ఏండ్ల మనిషి” అన్నాడు. కింద రోడ్డు మీద నిలబడి జుబేదా ఆ రసీదును కళ్లకు అద్దుకుంది. మూడు వారాల తర్వాత, నిన్న, జాబితా వచ్చింది.

ఆ రోజు పొద్దున ఇంట్లోంచి దొంగలాగా బయలుదేరాను. అబద్ధం ఒప్పుకుంటే మనుషులు మొహం తిప్పుకుంటారని ఇన్నేళ్లూ అనుకున్నాను. పోయిన ప్రతి చోటా ఎవరో ఒకరు కుర్చీ చూపించారు, పాత బీరువా తీశారు, పూజ గదిలోంచి లేచి వచ్చారు. నేను జుబేదాకు తండ్రినని నా నోటి మాట చాలని చోట, వాళ్లు సంతకాలు పెట్టి చెప్పారు. ఈ ఊరికి, ఈ మనుషులకు నేను ఎంత షుక్రియా చెప్పినా తక్కువే. దరఖాస్తు పెట్టబోయే వాళ్లకు నా సలహా ఒక్కటే: ఫారం కొనకముందే మీ బడి కాగితం, రేషన్ కార్డు, ఉద్యోగం కాగితం ఒక్క చోట పరిచి వయసులు కలుస్తున్నాయో లేదో చూసుకోండి. పాత రిజిస్టరు ఉర్దూలో ఉంటుంది కాబట్టి, మీకు చుట్టం కాని ఉర్దూ చదివే పెద్దమనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

హజ్‌కు పోయే ముందు తెలిసిన వాళ్లందరి ఇళ్లకూ పోయి, చేసిన తప్పులు మన్నించమని అడగాలి. అందుకని కబురు చెప్పాల్సిన చుట్టాలను రాసుకుంటున్నాను. రామంతాపూర్‌లో మా అక్క, ఆమెకు చెవుడు, వీధి మొత్తానికి వినపడేలా చెప్పాలి, పర్వాలేదు, వినపడనీ. దమ్మాయిగూడలో నా తమ్ముడు ఖాసిం, కాగితాల్లో ఇన్నాళ్లూ నాకంటే ఆరేళ్లు పెద్దవాడై పెత్తనం చేశాడు, ఇవాళ్టితో అది బందని చెప్పాలి. వాడి ముగ్గురు కొడుకులు, కోడళ్లు. భువనగిరిలో జుబేదా మేనమామ, ఆయనతో స్థలం హద్దు దగ్గర మాటా మాటా అనుకుని ఎనిమిదేళ్లయింది, ఈసారి నేనే ముందు పోతాను. జనగామలో మా పెద్దమ్మ కొడుకు, ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేస్తే పక్కింటివాళ్లు పిలుస్తారు. ఇక అంబర్‌పేటలో జుబేదా అత్తమ్మ. కొడుకు పోయి ఇరవై ఏళ్లు దాటినా ప్రతి పండగకూ కోడలికి చీర పెడుతుంది. ఆ ఇంట్లో మాత్రం కబురు జుబేదానే చెప్పాలి. తను చెప్పేదాకా నేను గుమ్మం బయట నిలబడతాను.