ఆమె రాయి మీద ఎవరి పేర్లు

నా భార్య పోయిన గురువారం మధ్యాహ్నం చనిపోయింది. పొద్దున అరకప్పు కాఫీ తాగింది. పదింటికి కొత్త నర్సు వచ్చింది. నా భార్య ఆ అమ్మాయి బ్యాడ్జి అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని రెండు వైపులా చదివింది. ఎవరు పంపారని అడిగింది. జవాబు విన్నాకే చెయ్యి చాపింది. రెండింటికి నేను కిటికీ తెర కాస్త జరిపి వెనక్కి తిరిగేసరికి ఊపిరి లేదు. మా అమ్మాయి శాన్ రామన్ నుంచి వచ్చేసరికి మూడున్నర అయింది.

ఫ్రీమాంట్‌లో మీలో చాలామందికి ఆమె తెలుసు. మీ పిల్లలకు ఆంటీ. "నిజంగా రాకుమారేనా?" అని మీరు నన్ను పక్కకు పిలిచి అడిగేవారు. తప్పు పట్టను. పెళ్లయిన రెండేళ్ల దాకా నేనూ నమ్మలేదు.

మేం కలిసింది ఇమ్మిగ్రేషన్ ఆఫీసు వరుసలో. నా చేతిలో ఇండియా పాస్‌పోర్టు, ఆమె చేతిలో ఏ దేశానిదీ కాని ప్రయాణపత్రం. వాళ్ల తాతగారు తూర్పు యూరప్‌లో ఒక చిన్న దేశానికి ఆఖరి రాజు. ఆయన్ని దించడానికి వచ్చిన సైనికులకు భవనం వెనక తలుపు తీసింది వాళ్ల ఇంటి డాక్టరేనట. కుటుంబాన్ని రైలెక్కించి దేశం దాటించారు. తర్వాత పుట్టిన పిల్లలకు ఆ ఇంటి నుంచి వచ్చిన ఆస్తి అనుమానం ఒక్కటే. "పొగిడేవాడు ఏం అడుగుతాడో చూడండి. కాఫీ తర్వాత పెట్టొచ్చు" అనేది నాతో.

మా అత్తగారు న్యూజెర్సీలో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉంటూ పెళ్లి గౌన్లకు అంచులు కుట్టేది. మా పెళ్లి రోజున కోర్టు దాకా వచ్చింది గాని కారు దిగలేదు. దిగితే పెళ్లికి వచ్చినట్టే. రాజవంశం కానివాణ్ణి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదని వాళ్ల వంశ నియమం. కారు అద్దం దించి, చేతులు బయటికి చాపి కూతురి గౌను అంచు సరిచేసి, మళ్లీ అద్దం ఎక్కించుకుంది.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు అట్లాసు తెరిపించి చూసింది. ఆ రాజ్యం అందులో లేదు. "రాజుగారి మనవరాలు గిన్నెలు బాగానే తోముతోందిరా" అంది. నా భార్యకు ఎంత అర్థమైందో గాని గట్టిగా నవ్వింది. నన్ను 'ఏవండీ' అని పిలవడం ఆమెకు మా అమ్మే నేర్పింది. మా వీధిలో కొందరు అమెరికన్లు అదే నా పేరనుకున్నారు.

ఏటా క్రిస్మస్‌కు ఆమె తన అన్నకు ఉత్తరం రాసేది. ఆయన పోయాక ఆయన కొడుక్కి రాసేది. జవాబు వచ్చేది కాదు. ఎందుకు రాస్తావని ఒకసారి అడిగాను. "మన అడ్రసు మారలేదని వాళ్లకు తెలియాలి కదండీ" అంది.

శుక్రవారం పొద్దున ఆ మేనల్లుడు ఫోన్ చేశాడు. అప్పటికి మా అమ్మాయికి తప్ప నేను ఎవరికీ కబురు చేయలేదు. శనివారం విమానం దిగి నేరుగా ఇంటికొచ్చాడు. నల్ల సూటు, మంచి మాట. తన మేనత్తను చాలా మెచ్చుకున్నాడు. నేను కాఫీ ఇవ్వలేదు. అక్కడి ప్రభుత్వం మారిందట, రాజవంశ సమాధి మందిరం బాగుచేశారట, అందులో ఆమెకు చోటుందట. నేను ఒక్క సంతకం పెడితే చాలట.

అతనికి ఎలా తెలిసిందని ఆ సాయంత్రం మా అమ్మాయిని అడిగాను.

"నేనే మెసేజ్ చేశాను నాన్నా. అమ్మమ్మ సమాధిని కూడా అక్కడికే మూవ్ చేశారు. అమ్మ వాళ్లమ్మ దగ్గర ఉంటుంది కదా. నువ్వు అందర్నీ డౌట్ చేస్తావ్."

నిజమే కావచ్చు. తల్లి పక్కన ఉండాలనుకుందా, నా పక్కనా? ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

ఆదివారం, మేనల్లుడు ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివాను. మూడో పేరాలో, మా పెళ్లి వంశ నియమం ప్రకారం చెల్లదని నేను ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. వెనక రాతి మీద చెక్కే మాటలు ఉన్నాయి. ఆమె బిరుదు, తండ్రి పేరు, తాత పేరు. అంతే. మేనల్లుణ్ణి అడిగితే, అలా ఒప్పుకుంటేనే లోపల చోటు దొరుకుతుందని, ఆ రూలు తను పెట్టింది కాదని మర్యాదగానే చెప్పాడు.

కాగితం మా అమ్మాయికి ఇచ్చాను. చదివింది. తిప్పి చూసింది.

"నాన్నా, ఇందులో నేనెక్కడున్నాను?"

కాగితం తిరిగి నా చేతిలో పెట్టేసింది.

బతికుండగా వాళ్లు పిలిస్తే నా భార్య వెళ్లేదేమో. ఆ అనుమానం నాకు పోదు. కానీ మా నలభై ఆరేళ్ల కాపురం జరగలేదని రాసిచ్చి ఆమెను పంపలేను.

రేపు పొద్దున తొమ్మిదింటికి నేనూ మా అమ్మాయీ ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్తాం. సంతకం లేని కాగితం మేనల్లుడికి తిరిగి ఇచ్చేస్తాను. ఈ ఊళ్లోనే కొండవైపు శ్మశానంలో పక్కపక్కన రెండు చోట్లు అడుగుతాను. రాయి మీద ఆమె తల్లిదండ్రుల పేర్లు, తాత పేరు, నా పేరు, మా అమ్మాయి పేరు ఉంటాయి. ఆమె పేరు ఇంగ్లీషుతో పాటు వాళ్ల లిపిలోనూ ఉండాలి. అది మా ఇద్దరికీ రాదు. మేనల్లుణ్ణి రమ్మన్నాను, అక్కడ కూర్చుని అతనే రాసిస్తాడు. దాన్ని ఆ భాష వచ్చిన ఇంకొకరికి చూపించి, అప్పుడు చెక్కమంటాను.