నా చెవిలో మోగిన పుణ్యం

కాలవలు వచ్చాక మా కోనసీమలో వరి ఎంత బాగా పండుతోందో, చలిజ్వరమూ అంత బాగా పండుతోంది. నా అరవై రెండో ఏట అది నన్ను పట్టుకుంది. దినం విడిచి దినం, సరిగ్గా నేను మాధ్యాహ్నికానికి కూర్చునే వేళకు వచ్చేది. నాలుగు దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు.

ధవళేశ్వరంలో కాలవల కచేరీ గుమాస్తాగా ఉన్న మా బావమరిది చూడడానికి వచ్చాడు. "క్వినైను వేసుకోండి బావగారూ, వారంలో లేచి తిరుగుతారు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దొరల మందు నాలిక మీద పడ్డాక నా దగ్గర వేదం చెప్పించుకునేవాడు ఉంటాడా? దాన్ని ఎవడు నూరాడో, ఏ సారాయిలో తడిపాడో! మా ఆవిడ కాచే నేలవేము కషాయం చాలు, నీ దొరతనం నువ్వే మింగు అన్నాను. అతను నవ్వి, వంటింట్లో అక్కగారితో కాసేపు మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి కషాయం మరీ చేదెక్కింది. మందు చక్కగా దిగుతోందని మెచ్చుకున్నాను. పది రోజుల్లో జ్వరం పోయింది. ఇంగ్లీషు చదువు ఓడిపోయిందని ఊరంతా తిరిగి చెప్పాను. మళ్ళీ రాకుండా ఇంకొన్నాళ్ళు తాగమని మా ఆవిడ అంటే, అలాగే తాగుతూ వచ్చాను.

అప్పుడు మొదలైంది చెవిలో మోత. మొదట కీచురాయి అరిచినట్టు సన్నగా ఉండేది. తరవాత ఎవరో దూరంగా శంఖం పట్టుకుని ఊపిరి ఆపకుండా ఊదుతున్నట్టు హోరు. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. వైద్యుడుగారు నాడి చూసి వాతం అన్నారు. వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె చెవిలో పోయించారు. దానితో తలగడ పాడైంది గాని మోత తగ్గలేదు.

ఒకనాడు మా వీధిలో పురాణం చెప్పే పెద్దాయనతో ఈ బాధ చెప్పుకున్నాను. ఆయన నా మాట పూర్తికానివ్వలేదు. "కళ్ళు మూసుకుంటే ఎక్కువవుతుందాండి?" అని అడిగారు. అవునన్నాను. అంతే, ఆయన లేచి చేతులు జోడించారు. "అది రోగం కాదండి, అనాహత నాదం! యోగులు నూరేళ్ళు తపస్సు చేసినా వినపడనిది తమకు ఇంట్లో కూర్చుంటే వినపడుతోంది!"

నిజం చెప్పాలంటే నేను జన్మలో ఒక ఘడియ యోగంలో కూర్చోలేదు. భోజనం అయ్యాక కళ్ళు మూసుకోవడమే నాకు తెలిసిన సమాధి. కాని కాదనడానికి నోరు రాలేదు. మర్నాటికి అరటిపళ్ళ గెలలతో జనం వచ్చారు. కళ్ళు తిరిగి నేను తూలితే, "అదిగో, పైకెళ్ళిపోయారు," అని గుసగుసలాడేవారు. మంచం పట్టిన అత్తలను మోసుకొచ్చి నా కాళ్ళ దగ్గర దించేవారు. నలభై ఏళ్ళు గొంతు చించుకుని వేదం చెప్పినప్పుడు రాని గౌరవం, చెవి చెడ్డాక వచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకది బాగుంది.

బాగులేనిది ఒక్కటే. శిష్యుల గొంతులు బావిలోంచి వచ్చినట్టు వినపడుతున్నాయి. వేదం పుస్తకం చూసి చెప్పేది కాదు. గురువు చెవే దానికి కాపలా. స్వరం కిందికి దిగవలసిన చోట దిగకపోతే నా చెవి పట్టుకోవాలి. అది పట్టుకోలేకపోతే నేనెందుకు? నాకు భయం వేసింది. చెవిటివాణ్ణి అయిపోతున్నానన్న భయం. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ స్థితిలో సామర్లకోటలో జరిగిన వేదసభకు నన్ను పరీక్షాధికారిగా పిలిచారు. రానంటే ఎందుకని అడుగుతారు. పడవలో వెళ్ళాను. ముప్పై ఏళ్ళ పండితుడొకడు, ఇద్దరు పిల్లల తండ్రి, నా ఎదుట కూర్చుని అప్పజెప్పాడు. నాకు వినపడింది శంఖమే. అతని పెదవులు చూస్తూ తల ఊపాను. మధ్యలో నా పక్కన ఉన్న రెండో పరీక్షాధికారి తప్పు పట్టడానికి వేలెత్తారు. నేను తల ఊపుతుండడం చూసి వేలు దించుకున్నారు. అంతటివారు ఒప్పుకున్నాక తానెవరు అనుకుని ఉంటారు. పండితుడు శాలువా కప్పుకుని వెళ్ళాడు.

ఇంటికి వచ్చి మూడు రోజులు అన్నం సహించలేదు. చెవుడు బయటపడకముందే గౌరవంగా తప్పుకునే దారి ఒకటే కనిపించింది. నాదం వినేవాడు సంసారంలో ఉండడమేమిటని ఊళ్ళో ఎలాగూ అనుకుంటున్నారు. సన్యాసం తీసుకుంటానని మా ఆవిడతో చెప్పాను.

ఆమె చేతిలో కషాయం గిన్నె ఉంది. అది కింద పెట్టి, నా కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఏవండీ, అది నాదం కాదండీ. తమ్ముడిచ్చిన పొట్లాలండీ. రోజూ ఇందులో కలుపుతున్నాను. చెవులు గింగురుమంటాయని వాడు ముందే చెప్పాడు. మీరు బతికితే చాలనుకున్నాను."

నేను కేకలు వేయాలి. వేయలేదు. ముందు కలిగింది కోపం కాదు, ప్రాణం లేచివచ్చింది. "అయితే నేను చెవిటివాణ్ణి కానా?" అని అడిగాను. ఆమె ఏడుస్తూనే కాదని తల ఊపింది. పొట్లాలు మానేసిన అయిదో రోజుకు హోరు పోయింది. పప్పు తాలింపు చిటపటలు వినపడితే పిల్లాడిలా మురిసిపోయాను. జ్వరం కూడా మళ్ళీ రాలేదు.

నెల తిరగకుండా ఆ సామర్లకోట పండితుడు దర్శనానికని వచ్చాడు. అరుగు మీద కూర్చుని, నేను మెచ్చిన ఆ భాగమే మళ్ళీ వినిపించాడు. మూడో వాక్యంలో స్వరం తప్పింది. పచ్చి తప్పు, పసివాడు కూడా చేయనిది. అక్కడ కిందికి దించాలి నాయనా అన్నాను.

అతను ఆశ్చర్యపోయాడు. "తప్పాండి? సభలో తమరు నాదంలో లీనమై ఆమోదించిన స్వరమండి ఇది. మా గురువుగారు నేర్పింది మానేసి, మా ఊళ్ళో పన్నెండు మందికి ఇలాగే చెప్పేస్తున్నానండి."

పన్నెండు మంది! నిజం చెబితే నాకేముంది, పంచగవ్యం పుచ్చుకుని ప్రాయశ్చిత్తం చేసుకుంటాను. తలుపు చాటున నిలబడిన మా ఆవిడ సంగతేమిటి? మొగుడికి తెలియకుండా మందు పెట్టిన ఆడదన్న పేరు మా ఊళ్ళో చచ్చాక కూడా పోదు. క్వినైను పెట్టిందా, వశీకరణం పెట్టిందా అని ఎవరూ విడమరిచి చూడరు. నన్ను బతికించినదాన్ని ఆ మాటకు అప్పగించలేను.

"అది నాదం కాదు నాయనా. ఆ రోజు నాకు చెవుడు. నువ్వు చెప్పింది ఒక్క ముక్క వినపడలేదు. నా తలకాయ తప్పుగా ఊగింది," అన్నాను. చేతులు పట్టుకుని మరీ చెప్పాను.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత నిగర్వమండి తమది!" అని సాష్టాంగపడి, నా పాదధూళి నెత్తిన వేసుకుని లేచాడు. వీధిలో నడుస్తూ ఆ భాగమే గట్టిగా వల్లించుకుంటూ పోయాడు. ఇప్పుడు నా చెవులు దివ్యంగా పనిచేస్తున్నాయి. అతను మలుపు తిరిగేదాకా ఆ తప్పు తప్పకుండా వినపడుతూనే ఉంది.