ఓర్లిన్ పేల్చని తూటాలు

ఓర్లిన్ ట్వేట్ గోధుమల గిడ్డంగిలో కాటా పని చాలించి ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టిన వారంలోనే ఆయన భార్య డార్లిస్‌కు ఒక సంగతి బోధపడింది. ఈ మనిషికి తూచడానికి ఏదో ఒకటి చూపించకపోతే తన వంటిల్లు తనకు దక్కదు. కాఫీపొడి తూచాడు, పంచదార తూచాడు. చివరికి ఆమె పొయ్యిలో పెట్టబోతున్న బంగాళదుంపల క్యాసరోల్‌ను చేతుల్లోంచి లాక్కుని తూచి, "పోయినసారి చేసిందానికన్నా ఇది తేలిక. మాంసం తగ్గించావా ఏంటి?" అన్నాడు.

"గ్యారేజీలోకి పో, ఓర్లిన్."

"అక్కడేం చెయ్యను?"

"గుడ్లు పొదుగు. నాకేం? ఇక్కడ మాత్రం ఉండకు."

ఈ గొడవ విన్న పక్కపొలం గేలార్డ్, తన కొట్టంలో తుప్పు పడుతున్న ఇనపమర ఒకటి తెచ్చి ఓర్లిన్ గ్యారేజీలో బల్లకు బిగించాడు. పేలిపోయిన తూటాల ఇత్తడి గుల్లల్లో మళ్ళీ మందు కూరి కొత్త తూటాలు చేసుకునే మర అది. నార్త్ డకోటాలో ఆ మూల, చలి ముదిరితే మగవాళ్ళకు మిగిలే కాలక్షేపాలు రెండే. గడ్డకట్టిన చెరువుకు కన్నం పెట్టి చేపల కోసం కూర్చోవడం ఒకటి, ఇది రెండోది. ఓర్లిన్‌కు చేపలంటే చిన్నప్పట్నుంచీ పడదు.

మొదట ఏదో పొద్దుపోవడానికే కూర్చున్నాడు. నాలుగు రోజులు తిరిగేసరికి అన్నపానాలు మరిచాడు. మసిబారిన గుల్లల్ని మొక్కజొన్న కంకుల రవ్వలో పోసి తిప్పితే పెళ్ళికూతురి గాజుల్లా తళతళలాడుతూ బయటికొచ్చేవి. మర పిడి కిందికి దించినప్పుడు సాగిపోయిన గుల్ల మళ్ళీ కొలతకు దిగడం అరచేతికి తెలిసేది. అడుగున మందును అంటించే చిన్న నిప్పుబిళ్ళ సరిగ్గా కూర్చున్నప్పుడు వేలికొసకు ఒక నున్నదనం తగిలేది. ఆ నున్నదనం కోసం ఓర్లిన్ ఊరికే మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకునేవాడు. ఇక మందు తూచే బుల్లి త్రాసు సంగతి చెప్పనక్కర్లేదు. జన్మంతా లారీలకు లారీలు తూచినవాడు, ఇప్పుడు చిన్న పట్టకారుతో ఒక్క పలుకు తీసి, ఒక్క పలుకు వేసి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ఆఖర్న గుండు మూతిలో దిగి తూటా చేతికొస్తే, దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసి, చిన్నగా ఈల వేసేవాడు.

చిక్కల్లా ఒక్కటే. అంత ముచ్చటగా చేసినదాన్ని పేల్చబుద్ధి కాలేదు.

ఆదివారం చర్చి అయ్యాక మగవాళ్ళంతా ఊరి బయట గురి మైదానానికి పోయేవారు. అందరూ తుపాకులు తీసుకుపోతే, ఓర్లిన్ తూటాల పెట్టె ఒక్కటే పట్టుకుపోయేవాడు. మూత తీసి చూపించి, మూసి, మిగతావాళ్ళు వదిలేసిన గుల్లలు ఏరుకుని ఇంటికొచ్చేవాడు.

"ఒక్కటియ్యరా, పేల్చి చూస్తా," అని గేలార్డ్ చెయ్యి చాచాడొకసారి.

"ఏ తుపాకిలో?"

"నాదాన్లోనే. ఇంకెవరిదాన్లో?"

"గొట్టం ఎప్పుడు తుడిచావు?"

గేలార్డ్ తల గోక్కున్నాడు.

"అందుకే ఇవ్వను," అని ఓర్లిన్ పెట్టె చంకలో పెట్టుకున్నాడు.

"ఒరే, పిల్లనిమ్మన్నానా, తూటా ఇమ్మన్నానా?" అని గేలార్డ్ అరిచాడు. మైదానమంతా పగలబడి నవ్వింది. ఓర్లిన్ మాత్రం నవ్వలేదు.

నవంబరు వచ్చింది, దుప్పుల వేట మొదలైంది. ఇద్దరూ వేటగాళ్ళ నారింజరంగు చొక్కాలు తొడుక్కుని గేలార్డ్ బీడులో గడ్డిమోపుల చాటున కూర్చున్నారు. తెల్లారీ తెల్లారగానే కొమ్ముల దుప్పి ఒకటి వచ్చి, ఫొటోకు నిలబడ్డట్టు ఎదురుగా అడ్డంగా నిలబడింది. ఓర్లిన్ తుపాకి ఎత్తాడు. గురి చూశాడు. ఎంతసేపటికీ చప్పుడు లేదు. గేలార్డ్ తిరిగి చూసేసరికి ఓర్లిన్ గొళ్ళెం లాగి, తూటాను బయటికి తీసి, చొక్కా కొసతో తుడుస్తున్నాడు.

"ఏమైందిరా?"

"ఇది చాలా బాగా కుదిరింది, గేలార్డ్. వేరేది చూద్దాం."

వేరేదీ బాగానే కుదిరింది. ఆ తర్వాతదీ అంతే. దుప్పి చూసి చూసి విసుగెత్తి వెళ్ళిపోయింది.

ఈ కథంతా గేలార్డ్ నోట విని డార్లిస్ నెత్తి కొట్టుకుంది. చర్చి విందుకు దుప్పిమాంసం సాసేజీలు తెస్తానని ఆమె అందరికీ మాటిచ్చేసింది. మర్నాడు పొద్దున ఓర్లిన్ గడ్డం గీసుకుంటుండగా గ్యారేజీలోకి వెళ్ళి, పెట్టెలోంచి చేతికొచ్చిన తూటా ఒకటి జేబులో వేసుకుని, తుపాకి పికప్పు బండిలో పడేసుకుని బీడుకు పోయింది. కాఫీ వేళకల్లా దుప్పితో సహా తిరిగొచ్చింది.

ఓర్లిన్ బండి వెనక ఉన్న దుప్పి వంక చూడనే లేదు. "గుల్ల ఏది?" అన్నాడు.

"ఏం గుల్ల?"

"నా తూటా గుల్ల, డార్లిస్!"

"గొళ్ళెం లాగితే ఎగిరి గడ్డిలో పడింది. అక్కడే ఉంటుంది, ఎక్కడికి పోతుంది?"

అందులో మందు ఎంత జాగ్రత్తగా పోశాడో ఓర్లిన్ ఒక్కడికే తెలుసు. పికప్పెక్కి బీడుకు పోయి, మోకాళ్ళ మీద గడ్డి దువ్వడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నమైనా ఇల్లు చేరకపోయేసరికి డార్లిస్ కంగారుపడి చర్చికి ఫోను చేసింది. చర్చిలో ఉన్నవాళ్ళు మనిషే తప్పిపోయాడనుకుని, ఫ్లాస్కులూ దుప్పట్లూ మోసుకుని దిగిపోయారు. అసలు సంగతి తెలిశాక వెనక్కి పోవడానికి మొహమాటమేసి, అందరూ వరసకట్టి మోకాళ్ళ మీదకు దిగారు. పాస్టరమ్మ సోల్వేగ్ కూడా పొడుగుకోటు పైకి దోపుకుని వంగింది. ఎవరో లోహాన్ని పసిగట్టే యంత్రం తెచ్చారు. అది కూత పెట్టినప్పుడల్లా అందరూ అటు పరుగెత్తేవారు. గుర్రపునాడా దొరికింది, పాత ట్రాక్టరు మేకు దొరికింది, పళ్ళు బిగించిన రేకుముక్క ఒకటి దొరికింది.

"అది నాదే!" అన్నాడు గేలార్డ్. బాతులు కొట్టడానికొచ్చి తుమ్మినప్పుడు పోగొట్టుకున్న కట్టుడుపళ్ళు. అవి పోయాక కొత్తవి కట్టించుకుని కూడా చాలా కాలమైంది. వాటిని ఫ్లాస్కు కాఫీలో కడిగి, ఉన్నవి తీసి, ఇవి పెట్టి చూసుకుని, "ఇవే హాయిగా ఉన్నాయి," అన్నాడు.

గుల్ల పాస్టరమ్మ మోకాలి కింద దొరికింది. పైకి లేచేసరికి కోటుకు అంటుకుని ఉంది. ఓర్లిన్ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. మూతి చూశాడు, అడుగు చూశాడు, వాసన చూశాడు. అప్పుడు మొదటిసారి భార్యను అడిగాడు.

"తిన్నగా పోయిందా?"

"నేను చూసినచోటే తగిలింది."

"అంటే ఎక్కడ?"

"భుజం వెనక. ఒక్క అడుగు కూడా వెయ్యలేదు పాపం."

"అంత తిన్నగా పోయిందా?"

ఇంటికి పోయేదాకా అదే ప్రశ్న అడిగాడు, విందులో సాసేజీ నములుతూ అడిగాడు. డార్లిస్ ఓపిగ్గా చెప్పింది. అడుగుతున్నది దుప్పి గురించి కాదని ఆమెకు తెలుసు.

సోమవారం గ్యారేజీలో కూర్చుని ఆ గుల్లను కడిగాడు, తోమాడు, మరలో దించాడు, మందు పోశాడు. అయిపోయింది. చేతులు ఖాళీ. చుట్టూ చూస్తే అరలనిండా, డబ్బాలనిండా నిండు తూటాలే, మళ్ళీ నింపడానికి ఒక్క ఉత్త గుల్ల లేదు. మైదానంలో ఏరుకొచ్చినవన్నీ ఎప్పుడో నింపేశాడు. కాసేపు ఖాళీ త్రాసు ముల్లును చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తుపాకి తీసుకుని లేచాడు.

ఇప్పుడు ఆ మైదానంలో ఓర్లిన్‌కన్నా ఎక్కువగా పేల్చేవాడు లేడు. తెచ్చిన పెట్టె ఖాళీ అయ్యేదాకా ఊపిరి తిప్పుకోకుండా పేలుస్తాడు. గుల్ల ఎగిరి ఎక్కడ పడుతుందోనని కళ్ళు కుడిపక్కకు తిప్పుకుని మీట నొక్కుతాడు కాబట్టి, ఎదుటి గురి కాగితం మీద ఒక్క చిల్లూ పడదు, వెనకున్న మట్టిగట్టు మాత్రం అరిగిపోతోంది.

"ఎక్కడ తగిలిందో చూసుకోవట్రా?" అంటాడు గేలార్డ్ పాత పళ్ళతో.

"నువ్వు చూడు," అంటాడు ఓర్లిన్, వేడివేడి గుల్లను చేతులు మార్చి మార్చి ఊదుకుంటూ. "ఇదిగో, ఇది చూశావా, ఇసుమంతైనా వంకర పోలేదు."